పీపాకున్నపాటి మర్యాద

కొత్తగా రైల్వే స్టేషను కట్టాలన్నా, ఉన్నదాన్ని పడగొట్టి మళ్ళీ కట్టాలన్నా ముందుగా ఒక బొమ్మ వదులుతారు. మీరూ చూసే ఉంటారు. అద్దాల గోడలు, ఎక్కడో ఆకాశంలో కప్పు, ముఖం చూసుకునేంత నున్నటి నేల. ఎండ ఎప్పుడూ ఒక పక్క నుంచి ఏటవాలుగా, బంగారు రంగులో పడుతుంటుంది. అందులో మనుషులు కూడా ఉంటారు. ఒకావిడ చేతిలో చిన్న పర్సు. ఒకాయన వెనకాల బుల్లి చక్రాల పెట్టె, రెండు చొక్కాలు పడితే గొప్ప. బెలూను పట్టుకున్న పిల్లవాడు ఒకడు తప్పనిసరి. మూటలుండవు, సంచులుండవు, ముసలివాళ్ళుండరు, కునుకు తీస్తున్నవాడు అసలే ఉండడు. అందరూ నడుస్తుంటారు. ఎక్కడికో తెలీదు, ఎందుకంటే చాలా బొమ్మల్లో రైలు కూడా ఉండదు.

ఈమధ్య అలాంటి బొమ్మ ఒకటి కంటపడితే (ఏ ఊరి స్టేషనో చెప్పను, చెప్పినా ఒరిగేదేం లేదు, అన్నీ ఒకేలా ఉంటాయి) ఫోన్లో పెద్దది చేసి మూలమూలా గాలించాను. కుర్చీ కోసం. బట్టల కొట్టు కనిపించింది. కాఫీ కొట్టు కనిపించింది. మొక్కలు కనిపించాయి, ఒక్కో మొక్కకి నగిషీ చెక్కిన తొట్టి కనిపించింది. మొక్క హాయిగా కూర్చుంది. దాని పక్కన కళ్ళజోడు పెట్టుకున్న మనిషి నిలబడి ఉన్నాడు.

బొమ్మ కింద ఒక వాక్యం ఖాయంగా ఉంటుంది: విమానాశ్రయాన్ని తలదన్నే స్టేషను. సరే, తలదన్నండి. కానీ విమానాశ్రయం నుంచి స్టేషనుకి ఏమేం మోసుకొస్తున్నారో ఒకసారి లెక్క చూడండి. అద్దాలు తెస్తారు. కొట్లు తెస్తారు. స్కానరు ముందు క్యూ తెస్తారు. నీళ్ళ సీసా దగ్గర్నుంచి అన్నిటికీ అక్కడి ధరలు తెస్తారు. తేనిది ఒక్కటే, గేటు ముందు వరసగా వేసి ఉండే ఆ వందల కుర్చీలు.

దీనిమీద గంభీరమైన పరిశోధన ఏదో జరగాలని నాకు తోచింది. పెద్ద స్టేషన్ల గురించి రాసేవాళ్ళందరూ గోపురాలు, తోరణాలు, గడియారాలు వర్ణించి ఊరుకుంటారు. ఏ స్టేషను ఎవర్ని కూర్చోబెట్టిందో ఎవరూ రాయరు. దాదాపు 200 ఏళ్ళ రైల్వే చరిత్రని ఆ ఒక్క ప్రశ్నతో తిరగేస్తే, అందరికంటే మర్యాదగా కూర్చున్న పెద్దమనిషి ఒకరు తేలారు. ఆయన బీరు పీపా.

లండన్‌లోని సెయింట్ పాంక్రాస్ స్టేషను 1868లో తెరిచారు. దారిలో ఒక కాలువ అడ్డం ఉంది. దానికింద నుంచి కాకుండా పైనుంచి రైలుదారి తేవడంతో స్టేషను దగ్గర పట్టాలు వీధికంటే చాలా ఎత్తులోకి వచ్చాయి. కింద బోలెడంత ఖాళీ మిగిలింది. ఆ ఖాళీని బర్టన్ ఊరి నుంచి రైల్లో వచ్చే బీరు నిలవ చేసుకోవడానికి అద్దెకిద్దామనుకున్నారు. ఇక్కడే ఇంజనీరు విలియం బార్లో గొప్పదనం చూడాలి. పైన కట్టబోయేది దాదాపు 73 మీటర్ల వెడల్పున ఒక్క స్తంభం కూడా లేని ఇనుప కప్పు, అప్పటికి ప్రపంచంలో అంత వెడల్పుది మరొకటి లేదు. అంత పని నెత్తిన పెట్టుకుని కూడా ఆయన కింద స్తంభానికీ స్తంభానికీ మధ్య ఎడం ఎంతుండాలో బీరు పీపాల కొలతని బట్టి నిర్ణయించాడు. పీపాలు ఇరుకున పడకూడదు కదా. దొర్లించేటప్పుడు ఒకదానికొకటి తగిలి నొచ్చుకోకూడదు కదా.

2007లో అదే స్టేషనుని సింగారించి, సముద్రం కింది సొరంగంలోంచి పారిస్ వెళ్ళే రైళ్ళకి అప్పగించారు. ప్రయాణికులు తనిఖీలు పూర్తి చేసుకుని రైలు కోసం ఎక్కడ ఎదురుచూడాలంటే, పూర్వం పీపాలున్న ఆ నేలమాళిగలోనే. పండగ సెలవుల్లో వెళ్ళి చూడండి. పీపాల కొలతకి కట్టిన చోట పీపాలకంటే ఇరుగ్గా మనుషులు నిలబడి ఉంటారు. మరి పైన, ఆ అద్భుతమైన కప్పు కింద, పట్టాల పక్కన? అక్కడ పొడుగాటి షాంపేన్ బారు పెట్టారు. తాగేవాడికి పైన కుర్చీ, రైలెక్కేవాడికి కింద క్యూ. బార్లో గారు ఉండి ఉంటే కనీసం మన నడుము కొలతైనా తీసుకునేవాడు.

రెండో మర్యాదస్తులు తాబేళ్ళు. మాడ్రిడ్‌లోని అతోచా స్టేషనుని 1992లో విస్తరించినప్పుడు పాత రైలు హాలు ఖాళీ అయింది. పైన అందమైన ఇనుప కప్పు, కింద విశాలమైన నేల. ఇంత చోటుని ఏం చేద్దామని పెద్దలు ఆలోచించి తోట వేశారు. వేడి దేశాల చెట్లు, తాటిజాతి మొక్కలు, పొగమంచులా నీళ్ళు చిమ్మే గొట్టాలు, మధ్యలో కొలను. జనం తమ ఇంట్లో పెంచి విసుగెత్తిన తాబేళ్ళని తెచ్చి ఆ కొలనులో వదలడం మొదలెట్టారు. తాబేళ్ళు ఒడ్డుకెక్కి కాళ్ళు చాపుకుని విశ్రాంతి తీసుకునేవి. స్టేషన్లో కాళ్ళు చాపుకుని విశ్రాంతి తీసుకున్నా ఎవరూ లేపని జీవి, నాకు తెలిసినంతలో అదొక్కటే. అవి వందలకొద్దీ అయ్యేసరికి ఇరుకైపోయిందని, పాపం ఇబ్బంది పడుతున్నాయని, 2018లో వాటిని మరో మంచి చోటికి తరలించారు. ఇరుకైపోతే ఇబ్బంది పడతారన్న జ్ఞానం రైల్వే వాళ్ళకి లేకపోలేదన్నమాట. అది డిప్పలున్న ప్రాణులకి మాత్రమే వర్తిస్తుంది.

పారిస్‌లో సీన్ నది ఒడ్డున 1900లో కట్టిన ఓర్సే స్టేషను ఇప్పుడు మ్యూజియం. ప్లాట్‌ఫాంలు పొట్టివి, రైళ్ళేమో పొడుగయ్యాయి, 1939 కల్లా దూరపు రైళ్ళు ఆగడం మానేశాయి, 1986లో బొమ్మలు పెట్టారు. ఇవాళ అక్కడ తీరిగ్గా కూర్చోవచ్చు. ఒకటే షరతు, రైలు కోసం వచ్చి ఉండకూడదు.

న్యూయార్క్ సంగతి మీకు తెలిసిందే. 1910లో రోమన్ చక్రవర్తుల స్నానశాలల్ని చూసి వాటి తరహాలో పెన్సిల్వేనియా స్టేషను కట్టారు, 1963లో దాన్ని పడగొట్టడం మొదలుపెట్టి నెత్తిమీద ఆటల మందిరం కట్టారు, ప్రయాణికుల్ని నేలకింద బొరియల్లోకి తోశారు. చేసిన పాపానికి ప్రాయశ్చిత్తంగా, వీధికి అవతల ఉన్న పాత పోస్టాఫీసు భవనంలో 160 కోట్ల డాలర్లు పోసి 2021 జనవరి 1న కొత్త హాలు తెరిచారు. పైన అద్దాల కప్పు, నాలుగు ముఖాల గడియారం, గోడలకి కళాఖండాలు. బాగుంది, నిజంగా బాగుంది. ఆ మహా మందిరం నడిబొడ్డున కూర్చోవడానికి ఒక్క బల్ల వేయలేదు. జనం నేల మీద చతికిలబడితే లేవమన్నారు. ఒకప్పుడు అక్కడ ఉత్తరాలు పెట్టుకునేవారు. ఉత్తరానికి అర ఉండేది, అర మీద ఊరి పేరుండేది, బయల్దేరేదాకా అది అందులో పడుకునేది.

పాత రోజులు స్వర్గమని నేననడం లేదు. 1830లో లివర్‌పూల్–మాంచెస్టర్ రైలుదారి తెరిచినప్పుడే మాంచెస్టర్ స్టేషన్లో ఫస్టు క్లాసు వాళ్ళకి ఒక వాకిలి, సెకండు క్లాసు వాళ్ళకి మరో వాకిలి. ఫ్రాన్సులో రైలు వచ్చి నిలబడేదాకా ప్రయాణికుల్ని క్లాసుల వారీగా గదుల్లో పెట్టి తలుపులు వేసేవారు, బయటికి రానిచ్చేవారు కాదు. అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో తెల్లవాళ్ళకో గది, నల్లవాళ్ళకో గది, ఒకళ్ళ గదిలో మరొకళ్ళు అడుగుపెడితే జైలు. అప్పట్లో మనుషుల్ని విడదీసి కూర్చోబెట్టేవారు, ఇప్పుడు భేదం లేకుండా అందర్నీ నిలబెడుతున్నారు. ఇదే ప్రగతి. ముంబయిలో 1888కల్లా పూర్తయిన ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్ గోపురం మీద ప్రగతికి గుర్తుగా చేతిలో దివిటీతో ఒక స్త్రీ విగ్రహం ఉంటుంది, చూసి ఉంటారు. ఆవిడా నిలబడే ఉంది.

కనీసం అప్పుడు పోటీ ఉండేది. జర్మనీలో లైప్జిగ్ స్టేషను 1915లో పూర్తయింది. ప్రష్యా, శాక్సనీ అనే రెండు జర్మన్ రాజ్యాల రైల్వేలు ఒకే కప్పు కింద కాపురం పెట్టాల్సి వచ్చింది. ఎవరికి వాళ్ళే పెద్ద, ఎవరూ తగ్గరు. దాంతో కవలపిల్లల్లా రెండు ప్రవేశ మందిరాలు, రెండు మెట్ల వరసలు, ఎవరి వెయిటింగ్ రూములు వాళ్ళకి. 26 ప్లాట్‌ఫాంలని చెరో 13 పంచుకున్నారు. రెండు దాయాది ఇళ్ళ మధ్య గోడ తగువులాంటిది, కాకపోతే ఈ తగువులో జనం బాగుపడ్డారు: నీ ప్రయాణికుడికి ఎంత పెద్ద హాలంటే, నా ప్రయాణికుడికీ అంతే ఉండాలని పట్టుదల. 1997లో ఆ స్టేషనుని మూడంతస్తుల షాపింగ్ మాల్‌గా మార్చారు. ఇప్పుడు అక్కడ పోటీ చెప్పుల కొట్లకీ చొక్కాల కొట్లకీ మధ్యన. బెర్లిన్ ప్రధాన స్టేషను కథ మరీ విడ్డూరం. 2006లో ఫుట్‌బాల్ ప్రపంచకప్ ముంచుకొస్తోందని, పని తెమలాలని ప్లాట్‌ఫాంల మీది అద్దాల కప్పుని వంద మీటర్ల పైచిలుకు కత్తిరించేశారు. రైలు పొడవు మాత్రం తగ్గలేదు. చివరి పెట్టెల వాళ్ళు నేటికీ వానలో తడుస్తూ ఆ ఆటల పోటీని తలచుకుంటుంటారు.

ఇక నిలబడటాన్ని ఒక శాస్త్రంగా, పరిగెత్తడాన్ని ఒక కళగా తీర్చిదిద్దిన క్షేత్రానికి వద్దాం. లండన్‌లోని యూస్టన్. 1837 నాటి స్టేషను. ముందు భాగంలో మహా తోరణం ఉండేది, 1961లో దాన్ని పడగొట్టడం మొదలెట్టారు, ఆ రాళ్ళలో చాలావాటిని తీసుకెళ్ళి ఒక కాలువ అడుగున గుంత పూడ్చారు. 1968లో కొత్త స్టేషను తెరిచారు. అందులో మొదట కుర్చీలు వేయలేదు. మరిచిపోయి కాదు, డబ్బు చాలక కాదు. కుర్చీ వేస్తే ఇల్లూవాకిలీ లేనివాళ్ళు వచ్చి కూర్చుంటారని కావాలనే వేయలేదు. జనం నెత్తీనోరూ కొట్టుకున్నాక కొన్ని వేశారు.

అక్కడ జరిగే తంతు ఇలా ఉంటుంది. హాల్లో కొన్ని వందల మంది. అందరి ముఖాలూ ఒకే దిక్కుకి, అందరి గడ్డాలూ పైకి. పైన తెర. తెర మీద రైలు పేరుంది, టైముంది, ప్లాట్‌ఫాం నంబరు ఉండాల్సిన చోట మాత్రం ఖాళీ. ఆ ఖాళీ నిండే శుభ ముహూర్తం కోసం ఈ తపస్సు. రైలు అప్పటికే వచ్చి ఎక్కడో నిలబడే ఉంటుంది. డ్రైవరుకి నంబరు తెలుసు, గార్డుకి తెలుసు, రైలుకి కూడా తెలుసు. చెప్పరు. బయల్దేరడానికి కాస్త ముందు ఆకాశవాణి పలికినట్టు పలకాలి, లేకపోతే నంబరుకి విలువేముంటుంది?

తపస్సు చేసేవాళ్ళలో రకాలున్నారు. కొత్తవాడు తెర వైపే చూస్తుంటాడు, రెప్ప వేయడు. కాస్త ముదిరినవాడు తెర చూడడు, తెర చూసేవాళ్ళ ముఖాలు చూస్తుంటాడు. బాగా ముదిరినవాడు ఇద్దర్నీ లెక్కచేయడు, ఏ ప్లాట్‌ఫాం వైపు ఊడ్చేవాళ్ళు చీపుళ్ళు పట్టుకుని వెళ్తున్నారో గమనించి మెల్లగా అటు జరుగుతాడు. అతని మీద కన్నేసి అతని వెనకే జరిగే జాతి ఇంకొకటి. సంసారులైతే పని విభజన చేసుకుంటారు: మగడు తెర మీద కన్నేస్తే ఇల్లాలు గేట్ల మీద కన్నేస్తుంది, పెద్దపిల్ల చేతికి చిన్నపిల్ల, చిన్నపిల్ల చేతికి సంచి పట్టీ. ఒకాయన ఫోన్లో ఎవరికో చెబుతుంటాడు, ఆఁ ఇంకా పడలేదు, ఆఁ చూస్తూనే ఉన్నా, నువ్వు మాట్లాడకు టెన్షన్‌గా ఉంది. ఒక పెద్దావిడ మోకాలు మార్చి మోకాలి మీద బరువు వేస్తూ, పెట్టె మీద కూర్చుందామా అని చూస్తుంది. కూర్చుంటే లేవడానికి పట్టే ఆ రెండు క్షణాలే కొంప ముంచుతాయని ఆగిపోతుంది. మెడ పట్టేసినవాడు కూడా మెడ దించడు.

నంబరు పడుతుంది. అరక్షణం ఎవరూ కదలరు. తర్వాత ఆ వందల మందీ ఒక్క పెట్టున కదులుతారు. చక్రాల పెట్టెలన్నీ ఒకేసారి ఉరుముతాయి. ఎవరిదో కాఫీ గాల్లోకి లేస్తుంది. రిజర్వేషన్ ఉన్నవాడూ పరిగెడతాడు, వాడి సీటు ఎవరూ ఎత్తుకుపోరని వాడికి తెలిసి కూడా. రైలు ఎక్కాల్సిన పని లేని, ఎవరినో దింపడానికి వచ్చినవాడు కూడా నాలుగడుగులు పరిగెత్తి, నేనెందుకు పరిగెడుతున్నానని ఆగుతాడు. అప్పుడు మైకులో తీయటి గొంతు: దయచేసి పరిగెత్తకండి. గేటు దాకా వెళ్ళాక అదే గొంతు, అదే తీపితో: ఒక ముఖ్య గమనిక, ప్లాట్‌ఫాం మారింది. వెళ్ళినవాళ్ళందరూ తిరిగి, వస్తున్నవాళ్ళందరికీ ఎదురుపడతారు. ఇప్పుడు ముందున్నవాడు వెనక, వెనకున్నవాడు ముందు. అన్నీ చూసి చివర్లో తీరిగ్గా నడుస్తున్న ఆ మోకాళ్ళ పెద్దావిడే మొదట రైలెక్కుతుంది.

ఇంత నాటకానికి రంగస్థలమైన ఆ హాల్లో మొన్నమొన్న ఏం చేశారో తెలుసా? జనం చూసే ఆ పెద్ద తెరని ప్రకటనలకిచ్చారు. రైళ్ళ వివరాలు వేరే చిన్న తెరల మీదికి వెళ్ళాయి. వందల మంది మెడలెత్తి నిలబడేది గ్యారంటీ కదా, ఆ మెడల్ని అమ్ముకోకపోతే ఎలా? గోలగోల అయ్యాక 2024లో దాన్ని ఆర్పేశారు. కొత్త ఐడియా ఏమీ కాదు. న్యూయార్క్ గ్రాండ్ సెంట్రల్ స్టేషన్లో 1950 నుంచి 1990 దాకా కొడాక్ కంపెనీ 60 అడుగుల పొడవున రంగుల ఫోటో ప్రకటన వేలాడదీసి తూర్పు పక్కంతా మూసేసింది.

అయినా గ్రాండ్ సెంట్రల్‌ని తిట్టడానికి నాకు నోరు రాదు. 1913లో తెరిచిన ఆ స్టేషన్లో ఒక ఆచారం ఉంది: బోర్డు మీద రాసిన టైముకి సరిగ్గా ఒక నిమిషం తర్వాత రైలు కదులుతుంది. పరిగెత్తి వచ్చేవాడు పడిపోకూడదని ఆ నిమిషం. రైల్వేలు చెప్పే అబద్ధాల్లో నేను మెచ్చుకున్నది అదొక్కటే. కాకపోతే అదే భవనంలో బల్లలు వేసి ఉండే పాత వెయిటింగ్ రూముని ఇప్పుడు ఉత్సవాలకీ సంతలకీ వాడుతున్నారు. ఒక నిమిషం ఇస్తారు, బల్ల ఇవ్వరు.

వెయిటింగ్ రూమంటే ఏముంది లెండి, నాలుగు గోడలు అంటారా? 1893 జూన్ 7 రాత్రి దక్షిణాఫ్రికాలోని పీటర్‌మారిట్జ్‌బర్గ్ స్టేషన్లో ఫస్టు క్లాసు టికెట్ ఉన్న ఒక కుర్ర బారిస్టరుని రైల్లోంచి దింపేశారు. వెయిటింగ్ రూములో దీపం లేదు, ఎముకలు కొరికే చలి, కోటేమో స్టేషను వాళ్ళ దగ్గరున్న సామాన్లలో ఉండిపోయింది, అడిగితే మళ్ళీ ఏమవమానం చేస్తారోనని అడగలేదు. తిరిగి వెళ్ళిపోవాలా, నిలబడి పోరాడాలా అని గాంధీ ఆ గదిలో తెల్లవార్లూ ఆలోచించాడు. అదే ఇవాళ్టి హాలైతే సామాను కాళ్ళ మధ్య పెట్టుకుని, తెర కింద నిలబడి ఆలోచించాలి. ఒక నిర్ణయానికి వస్తుండగా నంబరు పడుతుంది.

కుర్చీలు బొత్తిగా లేవని నేనంటే అబద్ధం. మూడు సీట్ల స్టీలు బల్ల ఒకటి ఉంటుంది. దాన్ని దగ్గరగా చూశారా? సీటంతా చిల్లులు. చలికాలంలో మంచుగడ్డ, ఎండాకాలంలో పెనం. సీటు ముందుకి వాలి ఉంటుంది, కూర్చున్నవాడు కిందికి జారుతూ పాదాలతో తన్నిపెట్టి ఆపుకోవాలి. మధ్యలో ఇనుప చేతులు, పడుకోకుండా. మూడో సీటుకి ఒక బోల్టు పోయి ఉంటుంది, ఎవరో పుణ్యాత్ముడు ప్లాస్టిక్ తాడుతో కట్టి ఉంటాడు. మధ్య సీటులో ఒకరి సంచి. మిగిలిన మొదటి సీటు పైన ఏసీ నుంచి చుక్క చుక్కగా నీళ్ళు. దీన్ని కూడా పెద్ద సౌకర్యమని తలచి కొన్నిచోట్ల తీసేసి, గోడకి ఏటవాలుగా ఒక కడ్డీ బిగించారు. దానికి ఆనుకోవాలట. కూర్చోవడానికీ నిలబడటానికీ మధ్య ఇంకో భంగిమ ఉందని ఋషులకే తోచలేదు.

ఎందుకయ్యా ఇదంతా అని అడిగితే జవాబు ఒకటే, యూస్టన్‌లో చెప్పిన జవాబే. బల్లలు వేస్తే ఎవరెవరో వచ్చి పడుకుంటారు. ఎవరు వాళ్ళు? ఇల్లు లేనివాళ్ళు. అంటే, ఇల్లు లేనివాడొకడు ఒక రాత్రి ఒళ్ళు వాల్చకుండా ఉండటానికి వెయ్యి మంది ముసలివాళ్ళూ గర్భిణులూ కాళ్ళు వాచేలా నిలబడాలి. దేశం రెండు ముక్కలైనప్పుడు తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన కుటుంబాలు కలకత్తాలోని సియాల్దా స్టేషను ప్లాట్‌ఫాంల మీద నెలలకొద్దీ బతికాయి, అక్కడే వండుకున్నాయి, అక్కడే పిల్లల్ని కన్నాయి. ఇనుప చేతులున్న బల్లలు అప్పటికి ఇంకా కనిపెట్టలేదు. టోక్యోలో షిబుయా స్టేషను ముందు చనిపోయిన యజమాని కోసం 1925 నుంచి 1935 దాకా ఎదురుచూసిన హాచికో అనే కుక్క, టికెట్ అడిగే నాథుడు లేకుండా దాదాపు పదేళ్ళు కూర్చుంది. బతికుండగానే దానికి విగ్రహం పెట్టారు, అది కూడా కూర్చున్న విగ్రహమే. మనిషి ఓ గంట నేల మీద కూర్చుంటే సెక్యూరిటీ వాడు లాఠీతో నేల తడతాడు. 1910లో రష్యాలో అస్తాపోవో అనే స్టేషన్లో జబ్బుపడ్డ 82 ఏళ్ళ ప్రయాణికుణ్ణి రైల్లోంచి దించితే స్టేషన్ మాస్టరు తన ఇంట్లోనే పడుకోబెట్టుకున్నాడు. ఆ ముసలాయన టాల్‌స్టాయ్, అక్కడే కన్నుమూశాడు. మనం మాట్లాడుతున్నది పెద్ద స్టేషన్ల గురించి కాబట్టి ఇది ఇక్కడికి పనికిరాదేమో, అది మరీ చిన్న స్టేషను.

2025 ఫిబ్రవరి 15 రాత్రి న్యూఢిల్లీ స్టేషన్లో కుంభమేళాకి బయల్దేరిన జనం. ప్రయాగ్‌రాజ్ పేరుతోనే రెండు రైళ్ళు. ఏది ఎక్కడికి వస్తోందో తెలియక, ప్రకటన విని జనం తికమకపడ్డారని పోలీసులు చెప్పారు. మెట్ల మీద ఎక్కేవాళ్ళూ దిగేవాళ్ళూ ఒకరిమీద ఒకరు పడ్డారు. 18 మంది చచ్చిపోయారు. ఒకాయన నెత్తి మీది మూట జారిపడటంతో తొక్కిసలాట మొదలైందని తర్వాత రైల్వే మంత్రి పార్లమెంటుకి చెప్పారు. మూటది తప్పు! ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళ నెత్తిన మూట ఉంటుందని వీళ్ళకి తెలీదా? మూట ఉన్న మనిషి తల్లిని ఒక చేత్తో, పిల్లవాణ్ణి ఒక చేత్తో పట్టుకుని వస్తాడని తెలీదా? తెలీదు. ఎలా తెలుస్తుంది, వీళ్ళు గీయించే బొమ్మల్లో మూటలుండవు కదా. అంతమంది పోయాక, రద్దీ స్టేషన్లు 60 ఎంచి, బయట జనం ఆగడానికి శాశ్వతంగా చోటు కట్టాలని నిర్ణయించారు. రైలు వచ్చేదాకా మనుషులు ఎక్కడో ఒకచోట ఉండాలన్న సంగతి తెలియడానికి 18 శవాలు లేవాలా?

2017 సెప్టెంబరు 29న ముంబయి ఎల్ఫిన్‌స్టన్ రోడ్ స్టేషన్లో పొద్దున్నే వాన. తడవకుండా నిలబడే చోటు లేక జనం ఇరుకు వంతెన మీదే ఆగిపోయారు, వెనక నుంచి రైళ్ళు దిగినవాళ్ళు వస్తూనే ఉన్నారు. 23 మంది. ఆ వంతెన చాలదని ప్రయాణికులు ముందు నుంచీ మొత్తుకుంటూనే ఉన్నారు. చనిపోయాక సైన్యాన్ని పిలిచారు, ఐదు నెలల్లో కొత్త వంతెన వచ్చింది. ఐదు నెలలు! ఐదే నెలల పని అది. ఇక దీని గురించి వ్యంగ్యంగా రాయడం నావల్ల కాదు.

చోటు లేదంటారా, అది ఒప్పుకోను. ఏ పెద్ద స్టేషనుకైనా వెళ్ళండి, ఒక మూల మసక అద్దాల తలుపు ఉంటుంది, దాని పేరు లాంజి. లోపల సోఫాలు, ప్రతి సోఫా పక్కన దీపం, ఛార్జింగ్ పెట్టుకోవడానికి రెండేసి ప్లగ్గులు. సగం సోఫాలు ఖాళీ. సరైన కార్డు ఉన్నవాడు లోపలికి. లేనివాడు బయట, గోడకున్న ఒకే ఒక్క ప్లగ్గులో వైరు జారిపోకుండా వేలితో అదిమి పట్టుకుని. లాస్ ఏంజెలిస్‌లో 1939లో కట్టిన యూనియన్ స్టేషన్లో తోలు పట్టీల పెద్ద పెద్ద కుర్చీలు ఇప్పటికీ ఉన్నాయి, ప్రపంచంలో అంత దర్జా కుర్చీలు మరో స్టేషన్లో లేవేమో. వాటి చుట్టూ అడ్డం కట్టి, టికెట్ చూపించినవాడికే అన్నారు. బావగారి ఎదుర్కోలుకి వచ్చినవాడు, కూతుర్ని సాగనంపడానికి వచ్చినవాడు నిలబడి ఏడవాలి.

ఒక్క రోజు మాత్రం ప్రతి కొత్త స్టేషన్లోనూ కుర్చీలుంటాయి. ప్రారంభోత్సవం రోజు. పొద్దున్నే ఒక వ్యానులో దిగుతాయి. మెత్తటివి, తెల్ల గుడ్డలు తొడిగినవి, ముందు వరసలో వాటికి అతిథుల పేర్లు రాసిన చీటీలు అతికించి ఉంటాయి. సరిగ్గా ఆ నున్నటి నేల మధ్యలోనే వేస్తారు, చోటు భేషుగ్గా సరిపోతుంది, ఎవరి రాకపోకలకీ అడ్డం రాదు. పెద్దలు వాటిలో కూర్చుని, ప్రయాణికుల సౌకర్యమే తమ ధ్యేయమని ఒకరి తర్వాత ఒకరు చెబుతారు. మధ్యాహ్నానికి ఆ వ్యాను మళ్ళీ వచ్చి మొత్తం ఎక్కించుకుపోతుంది. ఆ వ్యాను నంబరు మీలో ఎవరైనా రాసుకుని ఉంటే నాకు కబురు చెయ్యండి. ఈసారి రైలు అది వెళ్ళే చోటి నుంచే ఎక్కుతాను.